పంపే రోజునే చేర్చుకోవచ్చా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. ఒంగోలులో మా సంఘం నడిపే రెండేళ్ల బైబిలు శిక్షణలో నాకు మొదటి సంవత్సరం పూర్తి కావస్తోంది. ఏప్రిల్ ఆఖరి శనివారం సీనియర్లు పన్నెండు మంది వెళ్లిపోతున్నారు. పొదిలి, కనిగిరి, దర్శి వైపు పల్లెల నుంచి కొత్తగా చేరేవారు అదే రోజు పేర్లు రాయించుకోవడానికి వస్తున్నారు. ఖర్చు కలిసివస్తుందని వీడ్కోలు, స్వాగతం ఒకే సభగా జరపమని పెద్దలు నాకు అప్పగించారు. నిరుడు అలాగే చేస్తే సీనియర్ల కన్నీళ్ల మధ్య మమ్మల్ని పలకరించినవారు లేరు. నాతో పాటు వెనక బల్ల మీద కూర్చున్న ఇద్దరు భోజనమైనా చేయకుండా బస్సెక్కారు, మళ్లీ రాలేదు. రెండు సభలూ విడదీయమని అడగాలా?
— ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: అమ్మా, విడదీయమని అడగవద్దు. నిరుటి లోపం రెండు సభలను కలపడంలో లేదు, వెళ్లిపోయేవారిని శాలువాలు కప్పించుకునే అతిథులుగా వేదిక మీద కూర్చోబెట్టడంలో ఉంది. ఈసారి కొత్తవారిని చేర్చుకునే పనిని వారికే అప్పగించండి.

కన్నీళ్లను ఆపమని మాత్రం చెప్పను. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో మిలేతు వద్ద పౌలు ఎఫెసు సంఘపు పెద్దలతో మోకాళ్లూని ప్రార్థించినప్పుడు వారందరూ అతని మెడమీద పడి ఏడ్చారు, ఓడ వరకు సాగనంపారు. అయితే అంతకు ముందే అతడు, తాను వెళ్లిన తరువాత మందను కాయవలసిన బాధ్యతను వారి చేతుల్లో పెట్టాడు. మన వీడ్కోలు సభల్లో ఏడుపు మిగులుతోంది, అప్పగింత జారిపోతోంది.

మన జిల్లా సంఘ చరిత్రనే చూడండి. 1867లో ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో మొదలైంది. పదకొండేళ్ల తరువాత, కరవు కాలం గడిచాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు తెలుగు బోధకులు. మిషనరీ క్లౌ దొర ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కొత్తగా వచ్చినవారిని చేర్చుకున్న చేతులు వారికంటే కొద్దికాలం ముందు వచ్చినవారివి. నాకు ఈ సంగతి ఆ అంకె కంటే గొప్పదిగా కనిపిస్తుంది. అందుచేత స్వాగత ప్రసంగం ప్రిన్సిపాలు గారికి ఇచ్చి ఊరుకోకండి.

శనివారం ఉదయం సీనియర్లు ఒక్కొక్కరు ఒక కొత్త విద్యార్థిని బస్టాండులో కలుసుకొని, గది చూపించి, భోజనం పక్కన కూర్చొని చేయాలి. అంతకు ముందు సంఘాన్ని హింసించిన సౌలును (తరువాత పౌలుగా పిలిచింది ఇతనినే) చూసి శిష్యులు భయపడిన రోజుల్లో తోటి విశ్వాసి బర్నబా అతనిని చేరదీసి అపొస్తలుల దగ్గరికి తీసుకొనిపోయాడు కదా. అలాగే సభలో కొత్తవారి పేరు, ఊరు సీనియరే చెప్పాలి. వచ్చిన రోజే మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పమనడం నాకు ఇష్టం లేదు. ముఖాలు తెలియని చోట మనసు విప్పడం ఎవరికైనా కష్టమే.

నా శిక్షణ రోజుల్లో, వెళ్లిపోతున్న ఒక అన్న నాకు సండేస్కూలు హాజరు పుస్తకం ఇచ్చాడు. వార్తాపత్రికతో అట్ట వేసిన ఆ పుస్తకంలో, రాని పిల్లల పేర్ల పక్కన పెన్సిలుతో 'తల్లికి జ్వరం', 'మిరపకోతకు వెళ్లాడు' అని రాసి ఉంది. ఆ రోజు ఎవరు ఏం ప్రసంగించారో గుర్తు లేదు గానీ, మరుసటి ఆదివారం నేను ఎవరి ఇంటికి వెళ్లాలో మాత్రం తెలిసింది. మీ సీనియర్లు కూడా తబలా, గది తాళం, తాము దర్శించే ఇళ్ల వివరాలు ఇలాగే మీ తరగతికి అప్పగించి, ఆ పైన మోకరించి ప్రార్థించనివ్వండి. శాలువాల డబ్బు కొత్తవారి బస్సు ఛార్జీలకు సరిపోతుంది.

తిరిగి రాని ఆ ఇద్దరి ఊళ్లు పేర్లు రాయించుకున్న నిరుటి పుస్తకంలో ఉంటాయి. సభకు వారం ముందు ఒక సీనియరును వెంటబెట్టుకొని వారి ఇళ్లకు వెళ్లి, మళ్లీ రమ్మని అడగండి. సభ రోజున మైకు, వంటల పనులు ఇంకెవరికైనా ఒప్పగించి, నిరుడు మీరు కూర్చున్న ఆ వెనక బల్ల మీదనే కూర్చోండి.