చలికాలం సైకిలు: గదిలో ఎంత, రోడ్డు మీద ఎంత

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మినియాపోలిస్‌లో మంచు మొదలైందనీ, సైకిల్ని ఏప్రిల్ దాకా మూలన పెట్టాలా, ట్రైనర్ (సైకిల్ని నిలబెట్టి ఉన్నచోటే తొక్కనిచ్చే స్టాండు) కొనుక్కుని గదిలో తొక్కాలా, తెగించి బయటికే వెళ్లాలా అనీ అడిగావు. గదిలోనూ తొక్కు, బయటా తొక్కు. ఏ పని ఎక్కడ చెయ్యాలో మాత్రం విడదీసుకో. ఊపిరి అందకుండా చేసే ఇంటర్వల్స్, అంటే కాసేపు జోరుగా కాసేపు నెమ్మదిగా తొక్కే విడతలు, గదిలో, తాపీగా ఎక్కువసేపు తొక్కేది బయట. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కిన అలవాటు నీది. అక్కడ చెమట పడితే గాలికే ఆరిపోయేది, దాని ఊసే ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం దాని సంగతే ముందు చూసుకోవాలి. గదిలో చెమట ఆరదు. బయట అది బట్టల్లో దిగి ఒంటి వేడిని లాగేస్తుంది. చలికాలంలో సైకిలు మానేసేవాళ్లను చాలామందిని ఓడించేది చలి కాదు, ఈ చెమటే.

ముందు గది సంగతి. మన ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతే పెడల్ దాకా వెళ్తుంది, మిగతాదంతా వేడి. నువ్వు 200 వాట్లతో తొక్కుతున్నావంటే కనీసం 600 వాట్ల వేడి ఒంట్లోంచి బయటికి పోవాలి. ఓ చిన్న రూమ్ హీటర్‌తో సమానం. రోడ్డు మీద ఎదురుగాలి దాన్ని తీసుకుపోతుంది, గదిలో ఆ గాలి ఉండదు. పావుగంట గడిచేసరికి వాట్లు అంతే ఉన్నా గుండె వేగం పెరుగుతూ పోతుంది, ఆ తర్వాత వాట్లు కూడా పడిపోతాయి. నీకు ఓపిక చాలడం లేదనుకుంటావు. చాలనిది ఓపిక కాదు, గాలి. బల్ల మీద పెట్టుకునే చిన్న ఫ్యాను దేనికీ పనికిరాదు. నేల మీద నిలబెట్టి మొహం పైకి తిప్పుకోగలిగే 18 లేదా 20 అంగుళాల ఫ్యాను తీసుకుని, ముందు చక్రానికి మీటరు దూరంలో, గాలి సరిగ్గా ఛాతీకి తగిలేట్టు పెట్టు. వీలైతే ఇంకొకటి పక్కనుంచి వీపు మీదికి. బయట మంచు ఉంది కదా, కిటికీ నాలుగు వేళ్లు తెరిచి గదిని 16 డిగ్రీల దగ్గరికి తెచ్చుకో. తొక్కడం మొదలుపెట్టేటప్పుడు కాస్త వణుకు రావాలి. ఖరీదైన ట్రైనర్ కొని ఫ్యాను దగ్గర పిసినారితనం చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ట్రైనర్లలో రెండు రకాలు చూడు. వెనక చక్రం అలాగే ఉంచి దానికి రోలర్ ఆనించేవి చవక. అయితే టైరు వేడెక్కేకొద్దీ వాట్ల లెక్క మారిపోతుంది. అందుకని ప్రతిసారీ టైరులో ఒకే గాలి ఉండాలి, రోలర్ మర ఒకే బిగువుండాలి, పది నిమిషాలు తొక్కాకే క్యాలిబ్రేషన్ (లెక్క సరిచూసుకోవడం) చెయ్యాలి. బిగువు తక్కువైతే జోరు పెంచినప్పుడల్లా టైరు జారి కీచుమంటుంది, నల్లటి రబ్బరు పొడి నేలంతా రాలుతుంది. రెండో రకంలో వెనక చక్రం తీసేసి చైనుని ట్రైనర్ మీది క్యాసెట్‌కే (వెనక గేర్ల పళ్లచక్రాల కట్టకే) ఎక్కిస్తారు. చప్పుడు తక్కువ, వాట్ల లెక్క నమ్మకంగా ఉంటుంది, డబ్బుంటే అదే తీసుకో. కొనేముందు రెండు చూసుకో: నీ వెనక ఇరుసు లివర్ తిప్పితే వదిలే సన్నటి క్విక్ రిలీజా, ఫ్రేములోకి మరలా బిగిసే 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిలా, క్యాసెట్‌లో ఎన్ని గేర్లు అని. 8 నుంచి 11 గేర్ల షిమానో రోడ్డు క్యాసెట్లు 11 గేర్ల హబ్ (క్యాసెట్ తొడిగే భాగం) మీద కూర్చుంటాయి. కానీ 8, 9 గేర్లవైతే వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు పెట్టాలి, 10 గేర్లదైతే మామూలుగా దాంతోపాటు 1 మిల్లీమీటరుది ఇంకొకటి కూడా. అది మరిచిపోతే లాక్‌రింగ్ ఎంత బిగించినా క్యాసెట్ లొడలొడలాడుతూనే ఉంటుంది. 12 గేర్లదైతే హబ్ వేరేది కావచ్చు, కొట్లో అడిగి తీసుకో. ఫ్రేము కార్బన్‌దైతే ట్రైనర్ మీద బిగించడానికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో వారంటీ కాగితంలో చదువు. నీది అపార్ట్‌మెంటు కాబట్టి కింద మందపాటి రబ్బరు చాప తప్పదు. కిందింటివాళ్లకు వినపడేది చైను చప్పుడు కాదు, నేలలోంచి దిగే అదురు.

గదిలో తొక్కేటప్పుడు బరువు సీటు మీద ఒకేచోట పడుతుంది. రోడ్డు మీదైతే గుంతలు, మలుపులు, సిగ్నళ్లు నిన్ను లేపుతూనే ఉంటాయి. అందుకే పది నిమిషాలకోసారి లేచి నిలబడి అర నిమిషం తొక్కు, లేకపోతే తిమ్మిర్లు, పుండ్లు. పెడల్ ఆపి జారే అవకాశం కూడా ఉండదు కనుక గదిలో గంట తొక్కితే బయట గంటకన్నా గట్టిగానే పడుతుంది. గది వాట్లు బయటి వాట్లకన్నా తక్కువొస్తే కంగారుపడకు, చాలామందికి అంతే. ఎన్ని వాట్లు నిలబెట్టగలవో గదిలోనే పరీక్షించుకుని, ఆ అంకెతోనే గది ఇంటర్వల్స్ పెట్టుకో. ట్రైనర్ తనంతట తాను వాట్లు పట్టి ఉంచే ఎర్గ్ మోడ్‌లో ఒక చిక్కుంది. అలసి కాళ్ల వేగం నిమిషానికి 90 చుట్ల నుంచి 60కి పడిందనుకో, అవే వాట్లు రాబట్టడానికి అది బిగువు పెంచుతుంది. కాళ్లు ఇంకా నెమ్మదిస్తాయి, అది ఇంకా బిగిస్తుంది, చివరికి పెడల్ రాయిలా ఆగిపోతుంది. దాంతో కుస్తీ పట్టొద్దు. ఎర్గ్ ఆపేసి, తేలిక గేరులో మళ్లీ 90కి తెచ్చుకుని అప్పుడు ఆన్ చెయ్యి.

గంటకు లీటరు దాకా చెమట కారొచ్చు. 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి నిండుగా దగ్గర పెట్టుకో, గంట దాటితే చిటికెడు ఉప్పు కలిపిన రెండోది. ఆ కారినదంతా ఉప్పునీళ్లే, పడేది హ్యాండిల్‌బార్ మీద, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల మీద, అది తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ పై బేరింగులోకి. ముందు గొట్టం మీద టవల్ పరుచు. దిగగానే తడిగుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడువు. వసంతంలో హ్యాండిల్‌బార్ టేపు విప్పి చూడు. అల్యూమినియం మీద తెల్లటి పొడి, దాని కింద గుంటలు కనపడితే ఆ బార్ పారెయ్, రోడ్డు మీద విరిగితే పళ్లు పోతాయి.

ఇక బయట. ఇల్లు దాటి మొదటి పది నిమిషాలు చలేస్తోందంటే బట్టలు సరిగ్గా వేసుకున్నట్టు. గుమ్మంలోనే వెచ్చగా ఉన్నావంటే అరగంటలో తడిసిపోతావు, తిరుగుదారిలో ఆ తడే నిన్ను గడ్డకట్టిస్తుంది. ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని బనియన్, మధ్యలో ఫ్లీస్, పైన ముందు భాగం గాలి చొరనిదీ చంకల కింద జిప్పులున్నదీ ఒక జాకెట్. కాటన్ బనియన్ ఇంట్లోనే వదిలెయ్, అది తడి పీల్చి వదలదు. ఎత్తు ఎక్కేముందే జిప్పు దించు, చెమట పట్టాక దించి లాభం లేదు. హెల్మెట్ కింద పల్చటి మంకీ క్యాప్ చాలు, లావుది పెడితే హెల్మెట్ నెత్తిన సరిగ్గా కూర్చోదు. బూట్లలో వేళ్లు కదలాలి. రెండేసి ఉన్ని సాక్సులు కుక్కి బిగిస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. బూటును పట్టి ఉంచే క్లిప్ పెడల్స్ తీసి చదును పెడల్స్ వెయ్యి, మామూలు మంచు బూట్లతో తొక్కు. చేతులకు ఎంత లావు గ్లవ్స్ వేసినా హ్యాండిల్‌బార్‌కే తొడిగే పోగీల (చెయ్యి లోపలికి పెట్టే పెద్ద తొడుగుల) సాటి రావు. వాటిలో పల్చటి గ్లవ్స్‌తో బ్రేకు చక్కగా అందుతుంది.

టైర్ల దగ్గర బేరాలు వద్దు. స్టడెడ్ టైర్లు, అంటే రబ్బరులో కార్బైడ్ మొనలు దిగేసినవి, కొను. ఒక్కటే కొనగలిగితే ముందు చక్రానికే వెయ్యి. వెనక చక్రం జారితే నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే ఆలోచించే లోపే నేలమీద ఉంటావు. కొత్తవి వేశాక మొదటి 40 కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద, గట్టిగా బ్రేకు వెయ్యకుండా తొక్కు, అప్పుడే మొనలు రబ్బరులో కుదురుకుంటాయి. గాలి సంగతి చాలామంది మరిచిపోతారు: 20 డిగ్రీల గదిలో 60 పీఎస్ఐ కొట్టిన టైరు బయట మైనస్ 20లో సుమారు 50కి దిగుతుంది. మీ ఊళ్లో కనపడే లావు టైర్ల ఫ్యాట్ బైకుల్లో ఇంకా తేడా, గదిలో 8 ఉన్నది అక్కడ 5 అవుతుంది. కాబట్టి బయటి చలికి లెక్కేసి కొట్టు.

సైకిల్ని వెచ్చటి గదిలోంచి తిన్నగా చలిలోకి తీసుకెళ్లడమే అసలు ప్రమాదం. మంచుతో ఇంటికొచ్చిన సైకిలు మీద రాత్రి కరిగిన నీరు గేరు కేబుల్ గొట్టాల్లోకి దిగుతుంది, పొద్దున బయటికి తీయగానే గడ్డకడుతుంది. గేరు లివర్ నొక్కితే ఏదో బంక పట్టుకున్నట్టు ఉంటుంది, చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే డిరైలర్ కదలదు. ఇంకో రకం దెబ్బ ఫ్రీహబ్‌ది, అంటే పెడల్ ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే వెనక హబ్ భాగానిది. లోపల గ్రీజు గట్టిపడి పళ్లు పట్టుకోవు, పెడల్ తిరుగుతుంది కానీ చక్రం తిరగదు, ఇంటికి నడకే. కొట్టువాడితో హబ్‌లో చలికి గట్టిపడని పల్చటి గ్రీజు వేయించు. సైకిల్ని చల్లటి గ్యారేజీలోనే ఉంచు. లోపలికి తేక తప్పకపోతే మంచు దులిపి, పూర్తిగా ఆరేదాకా మళ్లీ బయటికి తియ్యకు. రోడ్ల మీద చల్లే ఉప్పు ఒక్క రాత్రిలో చైనుని ఎర్రగా తుప్పు పట్టిస్తుంది. గోరువెచ్చటి నీళ్లు పోసి తుడిచి, తడికి నిలిచే వెట్ లూబ్ చుక్కచుక్కగా వెయ్యి.

ఎప్పుడు బయటికి వెళ్లకూడదు? మైనస్ 10లో గంటకు 25 కిలోమీటర్లతో తొక్కితే చర్మానికి అది మైనస్ 19లా తగులుతుంది, మైనస్ 20 అయితే మైనస్ 32లా. ఇలా గాలితో కలిపి చర్మానికి తగిలే చలి, అంటే విండ్ చిల్, మైనస్ 28 దాటితే తెరిచి ఉన్న చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు, ఆ రోజు ట్రైనర్ ఎక్కు. కానీ నన్నడిగితే మైనస్ 10 పొడి మంచుకన్నా సున్నా దగ్గరి రోజే భయపెడుతుంది. పగలు కరిగిన నీరు సాయంత్రం వంతెనల మీద, నీడ పట్టున అద్దంలా గడ్డకడుతుంది, పైకి తడి రోడ్డులాగే కనపడుతుంది. డిసెంబరులో మీకు నాలుగున్నరకే పొద్దుగూకుతుంది కూడా. అలాంటి సాయంత్రాలు మిడ్‌టౌన్ గ్రీన్‌వే లాంటి, మంచు తోసే దారి చూసుకో. పాత రైలు దారి వెంట, కొంత దూరం కందకంలో, దాదాపు 9 కిలోమీటర్లు కార్ల బెడద పెద్దగా లేకుండా పోతుంది. ఆ కందకంలోకి దిగే ర్యాంపుల దగ్గర మాత్రం దిగి నడువు. సీసాలో వేడినీళ్లు పోసి తలకిందులుగా పెట్టు, నీరు పైనుంచి గడ్డకడుతుంది కనుక మూత దగ్గర తాగడానికి మిగులుతుంది. ఫోను లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి. దగ్గుగానీ, ఛాతీలో పిల్లికూతలుగానీ వస్తే నోటికి గుడ్డ కట్టుకుని నెమ్మదించు, మళ్లీ మళ్లీ వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లు.

మొదటి నెల మంగళ, గురువారాలు గదిలో 45 నిమిషాలు, ఆదివారం మధ్యాహ్నం బయట గంటన్నర. అంతకు మించొద్దు. ట్రైనర్‌కి డబ్బు కట్టేముందు వెనక ఇరుసూ, క్యాసెట్టూ దగ్గరగా ఫోటో తీసి నాకు పంపు, చూసి చెబుతాను.

ఇట్లు
మీ పెదనాన్న