ఇత్తడి పట్టీకి అర మిల్లీమీటరు బెజ్జాలు: బిట్టు జారకుండా, విరగకుండా

వంతెన మోడల్ రెయిలింగ్ కోసం 1 మి.మీ. మందం ఇత్తడి పట్టీకి వరసగా 0.5 మి.మీ. బెజ్జాలు వేస్తుంటే డ్రిల్ బిట్టు పక్కకి జారుతోందనీ, ఐదో బెజ్జంలో విరిగి లోపలే ఉండిపోయిందనీ రాశారు. నాకూ ఇదే జరిగింది. రాజమండ్రి పాత హేవలాక్ వంతెనకి 56 స్పాన్లుంటే (రెండు స్తంభాల మధ్య భాగాలు) అందులో ఒకే ఒక్కటి చేయడానికి నాకు పద్నాలుగు బిట్లు బలైపోయాయి, పది మొదటి వారంలోనే.

బిట్టు జారుతోందంటే ముందు అనుమానించాల్సింది గుర్తునే. మార్కర్‌తో పెట్టిన చుక్క మీ బిట్టు కంటే లావుగా ఉంటుంది. ఆ మార్కర్‌ని పట్టీ అంతా నల్లగా పూసేయడానికి వాడండి, ఆరాక గట్టి ఉక్కు సూదితో గీస్తే గీత ఇత్తడి రంగులో వెంట్రుకలా మెరుస్తుంది. అంచు వెంబడి ఒక పొడుగు గీత, దాని మీద వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) కొలిచి అడ్డగీతలు. కొలత మాత్రం పక్క బెజ్జం నుంచి కాదు, ప్రతిసారీ పట్టీ ఒకే చివర నుంచి తీసుకోండి, లేదంటే ఒక్కోదానికి 0.1 మి.మీ. తప్పు పోయినా ఇరవయ్యో బెజ్జానికి 2 మి.మీ. అవుతుంది. నా మొదటి రెయిలింగ్ అలాగే చెత్తబుట్టలోకి వెళ్లింది.

గీతలు కలిసే చోటుని కంటితో వెతక్కండి, చేతికే బాగా తెలుస్తుంది. సూదిని పొడుగు గీతలో పెట్టి మెల్లగా లాగుతూ పోతే అడ్డగీత దగ్గర చిన్న గతుకు తగిలినట్టు టక్కుమంటుంది. అక్కడే నిటారుగా నిలబెట్టి చేత్తో నొక్కండి, సుత్తి ఇంకా వద్దు. భూతద్దంలో చూసి, గుంట పక్కకి పడి ఉంటే సూదిని కాస్త వాల్చి మళ్లీ నొక్కితే సరైన చోటుకి జరుగుతుంది. అంతా కుదిరాకే పంచ్ (గుంట కొట్టే మొనదేలిన ఉక్కు కడ్డీ) పెట్టి ఒక్క తేలిక దెబ్బ. గట్టిగా కొడితే పట్టీ వంగుతుంది.

ఇక డ్రిల్లింగ్. ఇత్తడి బిట్టుని లోపలికి లాక్కుంటుంది, ముఖ్యంగా అవతలి వైపు తేలే క్షణంలో, విరిగేది ఎక్కువగా అప్పుడే. అందుకే కింద ఖాళీ ఉండకూడదు: పట్టీని పాత ఇత్తడి ముక్క మీద ఫెవిక్విక్‌తో అంటించేయండి, పనయ్యాక అసిటోన్‌లో నానబెడితే ఊడొస్తుంది. పిన్ వైస్‌తో (బిట్టుని పట్టుకునే పెన్నులాంటి చిన్న పిడి) చేత్తో తిప్పేటట్లయితే హై స్పీడ్ స్టీల్ బిట్టే వాడండి. సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే కార్బైడ్ బిట్లు పదునే, కానీ చెయ్యి కొంచెం వణికినా పుటుక్కుమంటాయి, వాటికి ఊగని డ్రిల్ ప్రెస్ ఉండాలి. బిట్టు చక్ (బిట్టుని బిగించే నోరు) బయటికి ఐదారు మిల్లీమీటర్లు కనిపిస్తే చాలు. నాలుగైదు చుట్లు తిప్పి పైకి తీసి రజను ఊదేయండి, నూనె అక్కర్లేదు.

విరిగిన బిట్టు ఉన్న పట్టీని పారేయలేదు కదా? కిరాణా కొట్టు పటికని వేడినీళ్లలో ఇక కరగనంత వరకు కలిపి, గాజు గిన్నెలో పోసి పట్టీని మునిగేలా వేయండి. స్టీలు గిన్నె, అల్యూమినియం గిన్నె వద్దు. పటిక నీళ్లు ఉక్కుని తింటాయి, ఇత్తడి జోలికి పెద్దగా రావు, గడియారాలు బాగుచేసేవాళ్ల పాత కిటుకు ఇది. విరిగిన ముక్క దగ్గర్నుంచి సన్నటి బుడగలు లేస్తుంటే పని జరుగుతున్నట్టే. నీళ్లు వెచ్చగా ఉంచితే త్వరగా అవుతుంది, నాకు రెండో రోజుకి ముక్క నల్లటి బురదలా మారి సూదితో తోస్తే రాలిపోయింది. ఇత్తడి మెరుపు తగ్గుతుంది, చింతపండుతో తోమితే మళ్లీ వచ్చేస్తుంది. అయితే కార్బైడ్ బిట్టు ఇలా కరగదు, అందుకే ముందు మీది ఏ రకమో చెప్పండి.