బర్మింగ్‌హామ్ అబ్బాయికి నెల్లూరులో పళ్లు: ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మాది కావలి. నేను రిటైర్డ్ టీచర్‌ని. మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కింది దవడలో రెండు పళ్లు తీసేశారు, పక్కదానికి రూట్ కెనాల్ చేయాలన్నారు. రెండు ఇంప్లాంట్లకు అక్కడ 5,000 పౌండ్లు అడిగారు. నెల్లూరులో ఒక క్లినిక్ వాళ్లు రెండు ఇంప్లాంట్లూ కలిపి 90,000 రూపాయలకే చేస్తాం, లైఫ్‌టైమ్ వారంటీ కూడా ఇస్తాం అంటున్నారు. వాడు సంక్రాంతికి మూడు వారాల సెలవు మీద వస్తున్నాడు. ఆ మూడు వారాల్లోనే అన్నీ చేయించేద్దామని నా 2 లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చేయాలనుకుంటున్నాను. చేయమంటారా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి పోకండమ్మా. వైద్యం మాత్రం ఇక్కడే చేయించండి. అయితే మీరు అనుకున్నట్టు ఒక్క రాకలో కాదు, రెండు రాకల్లో.

పౌండుకు 115 రూపాయల లెక్కన చూద్దాం. అక్కడ 5,75,000, ఇక్కడ 90,000. తేడా 4,85,000 రూపాయలు. ఇంకోసారి రావడానికి విమానం టికెట్టు, జీతం లేని సెలవు కలుపుకున్నా మనకే లాభం. కాబట్టి ఇక్కడ చేయించాలన్న మీ ఆలోచన సరైనదే. నాకు టెన్షన్ అంతా ఆ మూడు వారాల గురించే.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. దాన్ని ఎముక గట్టిగా పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాతే పైన పన్ను పెడతారు. కొందరికి స్క్రూ వేసిన రోజే పన్ను పెట్టే పద్ధతి ఉన్న మాట నిజమే. కానీ నమిలే బరువంతా మోసే దవడ పళ్ల విషయంలో, పేషెంటు విమానం ఎక్కి వెళ్లిపోతున్నాడని తొందరపడి ఆ పని చేయకూడదు. ‘మూడు వారాల్లో చేసేది శాశ్వతమైన పన్నా, తాత్కాలికమా’ అని క్లినిక్‌లో అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఈ సంక్రాంతికి స్క్రూలు, మళ్లీ వచ్చినప్పుడు పళ్లు. ఏటా ఎలాగూ వచ్చేవాడైతే రెండో టికెట్టు ఖర్చు కూడా ప్రత్యేకంగా పడదు.

రూట్ కెనాల్ సంగతి వేరు. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) డెంటిస్టు దొరికితే రూట్ కెనాల్, క్యాప్ కలిపి ఒకే కోర్సు కింద 326.70 పౌండ్లలో అయిపోతుంది. 2025 ఏప్రిల్‌లో పెట్టిన రేటు అది, ఇప్పుడెంతుందో చూసుకోమనండి. దొరకడమే కష్టం. దొరక్కపోతే ఇక్కడ దిగిన రెండో రోజే మొదలుపెట్టించండి. తిరుగు ప్రయాణానికి కనీసం వారం ముందే క్యాప్ పెట్టడం కూడా అయిపోవాలి. కొరుకుడులో తేడా ఉంటే నాలుగు రోజులు అన్నం తిన్నాక గాని తెలియదు.

ఇక అసలు విషయం. రేటు చూసేటప్పుడు మనం చూడనిది ఒకటుంది: పని చెడితే ఎవరిని అడగాలి? అక్కడైతే ప్రతి డెంటిస్టూ జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టరై ఉండాలి. పేషెంటుకు నష్టం జరిగితే పరిహారం ఇవ్వడానికి ఇండెమ్నిటీ కవర్ ఉండటం చట్టప్రకారం తప్పనిసరి. నెల్లూరులో చేసిన పని మీద ఆ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసి లాభం లేదు. నొప్పి, వాపు వస్తే అక్కడ ఎమర్జెన్సీలో చూస్తారు. అంతేగాని ఇక్కడ వేసిన ఇంప్లాంట్‌ను బాగుచేయాలంటే ప్రైవేటుగా సొంత డబ్బు పెట్టుకోవాల్సిందే. ముందే ప్లాన్ చేసుకున్న వైద్యం కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు.

అలాగని మీ అబ్బాయికి ఇక్కడ దిక్కులేదని కాదు. డెంటిస్టు పేరు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. క్లినిక్‌కు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. నెల్లూరు పొగతోటలో ఎటు చూసినా ఆసుపత్రి బోర్డులే కదా, బోర్డు మీద పేరు పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే లోపలికెళ్లి అడగండి. మొహమాటపడే విషయం కాదిది. ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ ఉందా అని కూడా అడగండి.

రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ డాక్టరు మీద చర్య తీసుకోగలదు గాని మీకు డబ్బు ఇప్పించదు. దానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా వేయొచ్చు కాబట్టి మీ అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉండి కూడా వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఒక్కటి గుర్తుపెట్టుకోమనండి: అక్కడి డెంటిస్టు రిపేరు మొదలుపెట్టక ముందే ఎక్స్‌రే తీయించి, ఏం చెడిందో లెటరు రాయించుకోవాలి. రిపేరు అయిపోయాక సాక్ష్యం మిగలదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే మా ఇంట్లోనే జరిగింది. మా బావమరిది మస్కట్ నుంచి సెలవుకు వచ్చి ఇక్కడే ఒకచోట ఇంప్లాంట్ వేయించుకుని వెళ్లాడు. ఏడాదికి పైన పన్ను కదలడం మొదలైంది. పై పన్నును ఇంప్లాంట్‌కు పట్టి ఉంచే లోపలి చిన్న స్క్రూ లూజైంది, బిగిస్తే సరిపోయేది. మస్కట్ డాక్టరు అడిగింది ఒక్కటే ప్రశ్న, ‘ఇది ఏ కంపెనీది?’ మా వాడి దగ్గరున్నది అర ఠావు రసీదు. దాని మీద ‘ఇంప్లాంట్ 1, పెయిడ్’ అని తప్ప ఇంకేమీ లేదు. కంపెనీని బట్టి స్క్రూ తల మారుతుంది, బిగించే పనిముట్టూ మారుతుంది. క్లినిక్‌కు పదిసార్లు ఫోన్ చేశాం, ఎవరూ ఎత్తలేదు. ఆఖరికి పై పన్ను కోసి తీసి కొత్తది చేయించుకున్నాడు. ఇక్కడ మిగిలిందనుకున్న డబ్బు అక్కడ పోయింది.

ఇంప్లాంట్ డబ్బాలో చిన్న స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు వాటి మీదే ఉంటాయి. ఒకటి క్లినిక్ ఫైల్లో అంటిస్తారు, ఇంకొకటి మీకు ఇమ్మనండి. చాలామంది అడగరు, అందుకే ఇవ్వరు. దాన్నీ, వైద్యానికి ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలనూ ఫోటో తీసి అబ్బాయికి పంపండి.

లైఫ్‌టైమ్ వారంటీ అన్నారు కదా, ఎవరి వారంటీ అని అడగండి. చాలావరకు అది కంపెనీ ఇచ్చేది. స్క్రూ పోతే స్క్రూ ఇస్తారు. డాక్టరు ఫీజు, మీ అబ్బాయి విమానం టికెట్టు అందులో ఉండవు.

డబ్బు కట్టే పద్ధతి ఇలా పెట్టుకోండి. 90,000 ఒకేసారి కట్టొద్దు. స్క్రూలు వేసినప్పుడు సగం, పళ్లు పెట్టి కొరుకుడు సరిచూశాక మిగతా సగం. సగం డబ్బు మన చేతిలో ఉన్నంత కాలం వాళ్లు ఫోన్ ఎత్తుతారు. నగదు వద్దు, డాక్టరు సొంత ఫోన్ నంబరుకు పంపడమూ వద్దు. క్లినిక్ పేరున ఉన్న ఖాతాకే పంపి, అబ్బాయి పేరుతో బిల్లు తీసుకోండి. బిల్లులో జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి. వైద్యానికి జీఎస్టీ లేదు, అందం కోసం చేయించుకునే వాటికే ఉంటుంది.

ఇలా చేస్తే సంక్రాంతికి కావలసింది 45,000, దానిపైన రూట్ కెనాల్ ఖర్చు. దీనికోసం 2 లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చేసి వడ్డీ పోగొట్టుకోవడం ఎందుకు? పౌండ్లలో సంపాదిస్తున్న బిడ్డ, తన పళ్లకు తనే పంపగలడు. అడగడానికి మీరు మొహమాటపడుతున్నారేమో, ఈ జవాబు అతనికి పంపండి. మిగిలే 4,85,000లో లక్షన్నర రెండేళ్ల పాటు తన పేరునే విడిగా ఉంచుకోమనండి. రిపేరు వచ్చినా, ఇంకోసారి రావాల్సి వచ్చినా అందులోంచి తీసుకుంటాడు. మీ ఎఫ్‌డీ మీ మందులకూ మాకులకూ అలాగే ఉండనివ్వండి.