కొత్త చార్టర్ స్కూలు, మతం గొడవ: పాపను తొమ్మిదిలో చేర్చాలా?

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాం. పాప ఎనిమిది, బాబు ఐదు చదువుతున్నారు. దగ్గర్లో కొత్త చార్టర్ స్కూలు పెడతామంటున్నారు. బోర్డులో ఎక్కువమంది ముస్లింలు. "ఇది మతం బడి" అని కొందరు, "మీది మతద్వేషం" అని కొందరు మీటింగులో కొట్టుకున్నంత పనిచేశారు. సైన్సు, లెక్కలు బాగా చెబుతారట. చేర్చవచ్చా?

జవాబు: పాపకైతే వద్దండి. కారణం మతం కాదు, ర్యాంకు. టెక్సస్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాస్ ర్యాంకును బట్టి వస్తుంది. యూటీ ఆస్టిన్‌కు (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి) 2026 ఫాల్ నుంచి టాప్ 5 శాతంలో ఉండాలి. తొలి బ్యాచ్‌లో 60 మంది ఉంటే ఆ 5 శాతం ముగ్గురే. అంత చిన్న క్లాసులో ఒక్క బి గ్రేడు పడినా మూడో స్థానం నుంచి పదికి జారిపోవచ్చు. పైగా ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సులైన ఫిజిక్స్ సి, క్యాలిక్యులస్ బిసి లాంటివాటికి చాలినంతమంది పిల్లలు లేకపోతే సెక్షనే తెరవరు. తొలి బ్యాచ్ పిల్లలకు పైన సీనియర్లుండరు, కాలేజీలకు చూపడానికి పాత ఫలితాలూ ఉండవు.

ఇక గొడవ సంగతి. చార్టర్ అంటే ప్రభుత్వ సొమ్ముతో సొంత బోర్డు నడిపే, ఫీజు లేని పబ్లిక్ స్కూలు. మతబోధ కుదరదు. ఓక్లహోమాలో సెయింట్ ఇసిడోర్ అనే క్యాథలిక్ ఆన్‌లైన్ చార్టర్‌కు 2023లో అనుమతి వచ్చింది. 2024లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2025 మేలో అమెరికా సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో ఆ తీర్పే నిలిచింది. అక్కడ మతబోధ ఉంటుందని స్కూలు వాళ్లే చెప్పుకున్నారు. మీ ఊరి కేసు అలాంటిది కాకపోవచ్చు.

అనుమానం నిజమైన చోట్లూ ఉన్నాయి, వట్టి ద్వేషమైన చోట్లూ ఉన్నాయి. మిన్నెసోటాలో తారిక్ ఇబ్న్ జియాద్ అకాడమీ అనే చార్టర్‌ను 2008లో రాష్ట్ర విద్యాశాఖ రెండు విషయాలు సరిదిద్దుకోమంది: శుక్రవారం నమాజు ఏర్పాటు, మతం క్లాసు అయ్యాక గానీ కదలని బస్సులు. బ్రూక్లిన్‌లో ఖలీల్ జిబ్రాన్ అకాడమీ చార్టర్ కాదు, అరబిక్ నేర్పే మామూలు పబ్లిక్ స్కూలు. 2007లో తెరవకముందే ప్రిన్సిపాల్ డెబీ అల్‌మొంటాసర్‌ను తప్పుకునేలా చేశారు. ఆమె పట్ల వివక్ష జరిగిందని 2010లో ఫెడరల్ కమిషన్ తేల్చింది.

కాబట్టి బోర్డులో పేర్లు చూడకండి, కాగితాలు చూడండి. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీకి ఇచ్చిన దరఖాస్తు తెప్పించుకుని చదవండి. బెల్ షెడ్యూలులో (పీరియడ్ల టైంటేబుల్‌లో) రోజూ ఖాళీగా ఉంచిన పీరియడ్ ఎందుకు? బడి అయ్యాక జరిగే క్లాసులు ఎవరివి, బస్సు వాటికోసం ఆగుతుందా? భవనం యజమాని, అద్దె, బోర్డు సభ్యులకు ఆ యజమానితో బంధుత్వం? ఈ మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ బొక్కలు బయటపడతాయి, అవి మతానికి సంబంధించినవే కానక్కర్లేదు. మసీదు భవనమో చర్చి భవనమో అద్దెకు తీసుకుంటే మాత్రం తప్పేం లేదు. మన తెలుగు బడులూ వారాంతాల్లో చర్చి హాళ్లలో నడుస్తుంటాయి. హిందువులు నడిపే స్కూలైతే మీరు ఏమేం అడిగేవారో అవే అడగండి. మీటింగులో మాట్లాడాలనుకుంటే ముందే పేరు నమోదు చేసుకోండి. మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు గనక దరఖాస్తు పేజీ నంబరు చెప్పి ఒకే ప్రశ్న వేయండి.

టెక్సస్ విద్యా కమిషనర్ సరేనన్నా స్టేట్ బోర్డు (రాష్ట్ర విద్యామండలి) 90 రోజుల్లోపు వీటో చేయవచ్చు. ఆపైన ఆగస్టుకల్లా భవనం సిద్ధం కాక ఏడాది వాయిదా పడటం మామూలే. అందుకని బాబు పేరు చార్టర్ సీట్ల లాటరీలో వేయండి, కానీ ఐఎస్‌డీలో (మీ ప్రాంతపు మామూలు పబ్లిక్ స్కూళ్లు నడిపే సంస్థలో) ఆరో తరగతి కోర్సు ఎంపిక ఫారం కూడా వేళకు ఇచ్చేయండి. చార్టర్ భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (వాడుకోవచ్చన్న అనుమతి) వచ్చేదాకా ఐఎస్‌డీ సీటు వదలొద్దు.