బాణీ కట్టే ముందు గొంతులు విను

చిరంజీవి సుజాతకు, పెదనాన్న ఆశీస్సులు.

మీ సంగీత నాటకం చదివాను. ఊరికి వచ్చే ఒక్క బస్సూ ఆగిపోతే ఆడపిల్లల చదువు ఏమవుతుందన్న కథ ఎత్తుకున్నారు. మీరు కళ్లారా చూసిన సంగతి రాసుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కాకపోతే 40 నిమిషాల నాటకానికి 11 పాటలు మరీ ఎక్కువ. ఐదు చాలు.

ఏది ఉంచాలో తేలకపోతే, పాట తీసేసి సీను చదవండి. కథకు ఏ లోటూ రాకపోతే ఆ పాట అక్కర్లేదు. తండ్రి "రేపట్నుంచి ఇంట్లోనే ఉండు" అన్నాక ఆ పిల్ల పాడుతుందే, అది మాత్రం నాటకానికి ప్రాణం. పల్లవిలో తలవంచుకున్న పిల్ల ఆఖరి చరణానికి సైకిల్ కొనిపెట్టమని అడుగుతుంది. పాట అయ్యేసరికి మనిషి మారింది. క్యాంటీన్ పాటలో అలాంటిదేమీ జరగదు. ఎంత హుషారుగా ఉన్నా తీసెయ్యండి.

ఇక అసలు సంగతి. సంగీతం చేసే అబ్బాయి తన గొంతుకు హాయిగా ఉన్న శ్రుతిలో బాణీలు కట్టేస్తున్నాడు. అలా వద్దు. ముందు వేషాలు ఖాయం చేసుకోండి. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కింద ఎంతవరకు మాట స్పష్టంగా పలుకుతున్నారో, పైన ఎక్కడ గొంతు బిగుస్తోందో రాసి పెట్టుకోండి. ఆ తర్వాతే బాణీ.

తండ్రీకూతుళ్ల పాటే తీసుకో. తండ్రి వేషం వేసే అబ్బాయిది ఒకటి శ్రుతి, కూతురిగా పాడే నీది ఐదు అనుకుందాం. అంటే అతని షడ్జమం ('స') హార్మోనియం మీద మొదటి తెల్ల మెట్టు, నీది ఐదోది. అతని శ్రుతిలోనే నువ్వూ పాడితే కింద నీ మాట వినపడదు, పై స్థాయిలో అరుపవుతుంది. అతని చరణాన్ని పంచమం ('ప') మీద ఆపించండి. ఒకటి శ్రుతికి పంచమమే ఐదు శ్రుతికి షడ్జమం. హార్మోనియం ఆ స్వరాన్ని పట్టుకుని ఉండగా నువ్వు అక్కణ్నుంచి ఎత్తుకో. కూతురు ఎదురుచెప్పే చోట శ్రుతి అలా పైకి లేస్తే ఆ మాటకు బలం దానంతట అదే వస్తుంది.

ముందే రికార్డు చేసిన ట్రాక్ పెట్టుకుని పాడదామంటున్నారట. నేను ఒప్పుకోను. ఒకరు డైలాగ్ మర్చిపోయినా, జనం చప్పట్లు ఆపకపోయినా ట్రాక్ ఆగదు. పద్యనాటకంలో హార్మోనిస్టు నటుడి నోటి వంకే చూస్తుంటాడు. ఊపిరి అందకపోతే ఒక స్వరం పొడిగిస్తాడు, పద్యం మరిచిపోతే ఎత్తుగడ అందిస్తాడు. ఒక హార్మోనియమో కీబోర్డో, ఒక డోలక్ ఉంటే మీకు చాలు. వాయించేవాళ్లను నటులు కనిపించేలా స్టేజి పక్క వింగ్ దగ్గర కూర్చోబెట్టండి. సినిమా బాణీలో కొత్త మాటలు ఇరికించే పని అసలు పెట్టుకోవద్దు. సొంత బాణీ సాదాగా ఉన్నా ఫరవాలేదు.

గెంతుతూ పాడేవాళ్లకు రెండో చరణానికల్లా ఆయాసం వస్తుంది. అందుకే పాట నోటికి రాగానే అడుగులతో కలిపి సాధన చేయించండి. బాగా కదలాల్సిన చోట పాటను వంతపాటవాళ్లకు ఇచ్చెయ్యండి. బుర్రకథలో కథకుడికి వంతలు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు కదా, అదే పద్ధతి.

తెర వెనక పనిని చిన్నచూపు చూడొద్దు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల్లో వేషం కట్టేదీ, తెర లాగేదీ, లైట్లు చూసేదీ ఆ కుటుంబాలవాళ్లే. మీలోనూ ఒకరు వేషం జోలికి పోకుండా స్క్రిప్టు పట్టుకుని ఎవరు ఎటునుంచి రావాలో, ఏ మాటకు లైటు ఆరాలో చూసుకోవాలి. నెమ్మదస్తురాలైన మీ రూమ్మేట్‌కు ఆ పని అప్పగించు. సైకిల్ మాత్రం మొదటి రిహార్సల్ నుంచే తెచ్చుకోండి. స్టాండు వెయ్యడం, బెల్లు కొట్టడం పాట తాళంలో కుదరాలంటే చేతికి అలవాటు కావాలి.

మైకుల గురించి టెన్షన్ పడకు. హాల్లో ఆఖరి వరసలో ఒకరిని కూర్చోబెట్టి మైకు లేకుండా ఒకసారి మొత్తం ఆడండి. ఏ మాట అందలేదో వాళ్లు చెబుతారు. డోలక్ తగ్గిస్తే చాలావరకు సరిపోతుంది.

రిహార్సల్ ఏడింటికల్లా ముగించండి. ఆడపిల్లల ఇళ్లలో ముందే చెప్పి ఒప్పించు. అవసరమైతే వాళ్ల అమ్మలతో నేను మాట్లాడతాను. తండ్రీకూతుళ్ల పాట ఫోన్లో రికార్డు చేసి ఈ ఆదివారంలోగా పంపు, శ్రుతి చూసి చెబుతాను.

మీ పెదనాన్న
తెనాలి