స్వెట్టర్ ప్యాటర్న్ మార్చాలా వద్దా? ముందు జడ సంగతి తేల్చుకోండి

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఋషికొండ వైపు ఆఫీసు, ఏసీ గదిలో రోజంతా కూర్చోవాలి, అందుకో స్వెట్టర్ కావాలి. మీరు మనసుపడ్డ అమెరికన్ ప్యాటర్న్ ఊలుతో అల్లేది, తల మీంచి తొడుక్కునేది, నిండు చేతులది, ముందు మధ్యలో పైనుంచి కిందదాకా జడ డిజైన్ ఉన్నది. మీకేమో కాటన్ దారం కావాలి, మోచేతి వరకే చేతులు కావాలి, చున్నీ చెదరకుండా ముందు బటన్లు కావాలి. ఇప్పటిదాకా మఫ్లర్లు, టోపీలు అల్లారు. ఈ ప్యాటర్నే మార్చుకోవాలా, వేరేది వెతుక్కోవాలా అన్నది మీ సందేహం. చివర్లో "వైజాగ్‌లో స్వెట్టరేంటని నవ్వకండి" అని కూడా రాశారు. నవ్వనండీ. బయట చెమటలు, లోపల వణుకు, మనూళ్ళో ఆఫీసులకు వెళ్ళేవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

నా మాట ముందే చెప్పేస్తాను. చేతులు తగ్గించుకోండి, దారం లెక్క చూసుకుని మార్చుకోండి. బటన్లు మాత్రం తప్పనిసరి అనుకుంటే ఈ ప్యాటర్న్ పక్కన పెట్టేయండి.

నేను అల్లిక నేర్చుకున్నది నేవీ క్వార్టర్స్‌లో ఉండే ఒక ఉత్తరాది ఆవిడ దగ్గర. ఆవిడకు అసలు ప్యాటర్న్ కాగితమే ఉండేది కాదు. ఒంటికి సరిపోయే పాత స్వెట్టర్ ఒకటి ముందు పరుచుకునేది, జానలతో కొలిచేది, దారంతో చిన్న ముక్క అల్లి చూసి, ఇన్ని కుట్లు అని చెప్పేసేది. ఆవిడ పద్ధతి చూశాక ప్యాటర్న్ మార్చడం అంటే ఉన్న భయం నాకు పోయింది. కానీ ఆవిడ కూడా ఒక విషయంలో మహా పట్టుదల మనిషి. చంక దగ్గర, భుజం దగ్గర, మెడ దగ్గర లెక్క తేలకుండా సూది ముట్టుకునేది కాదు.

నేనూ ఇప్పటికీ అదే చూస్తాను. ఎన్ని మార్పులు చేస్తున్నామన్నది పెద్ద విషయం కాదు, ఆ మార్పు ఎక్కడ తగులుతోందన్నదే అసలు విషయం. ఒంటి పొడవు, చేతుల పొడవు మార్చడం చాలా తేలిక, ఎందుకంటే అక్కడ ఉన్నది గొట్టంలాంటి అల్లికే. మీది మెడ నుంచి కిందికి అల్లే రాగ్లాన్, అంటే మెడ నుంచి చంక దాకా ఏటవాలు గీత వెంట చేతులు, ఒళ్ళు కలిసేది, కాబట్టి మరీ సుఖం. తొడుక్కుని చూసుకుంటూ మోచేతి దగ్గరికి రాగానే బోర్డర్ వేసి ఆపేయడమే. మణికట్టు కోసం ప్యాటర్న్‌లో కుట్లు తగ్గించమని చెప్పిన చోట్లు కొన్ని వదిలేయండి, లేకపోతే మోచేయి దగ్గర పట్టేస్తుంది. చేతుల గురించి ఇంతకు మించి ఆలోచించే పని లేదు.

రెండు భాగాలు కలిసే చోట మార్పు తగిలిందంటే కథ వేరు. మా మామయ్యగారు తెల్లారకముందే బీచ్ రోడ్డు మీద నడకకు వెళ్తారు. ఆయన చొక్కా మీదకి హాఫ్ స్వెట్టర్ అడిగారు. నా దగ్గర ఉన్నదేమో నిండు చేతుల ప్యాటర్న్. చేతులు అల్లకుండా వదిలేస్తే హాఫ్ స్వెట్టర్ అయిపోతుంది కదా అనిపిస్తుంది. అవ్వదు. చంక చుట్టూ వేసే బోర్డరే రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. ఆ మేరకు చంక దగ్గర ముందే ఎక్కువ కుట్లు ముగించాలి, భుజం సన్నం చేయాలి, దాన్ని బట్టి మెడ మారుతుంది. పైగా అదీ రాగ్లానే, అందులో భుజానికి విడిగా ముక్కే ఉండదు. అందుకే ఆయనకు వేరే హాఫ్ స్వెట్టర్ ప్యాటర్న్ తీసుకుని అల్లాను. ఒక మార్పు ఇంకో మూడు మార్పుల్ని వెంటబెట్టుకొస్తోందంటే అక్కడ ఆగి ఇంకో ప్యాటర్న్ చూడటమే మేలని నా లెక్క.

ఇప్పుడు బటన్ల సంగతి. మామూలు సాదా స్వెట్టర్‌ను ముందు తెరుచుకునేలా మార్చడం పెద్ద కష్టం కాదు. గుండ్రంగా అల్లేదాన్ని అటూ ఇటూ తిప్పి అల్లుతాం. బటన్ పట్టీ మూడు సెంటీమీటర్లు అనుకుంటే ముందు భాగంలో ఆ మేరకు కుట్లు తగ్గిస్తాం. పట్టీలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఒక్క పట్టీ వెడల్పు తీసేస్తే చాలు. తర్వాత అంచు వెంట నాలుగు వరసలకు మూడు కుట్ల చొప్పున ఎత్తుకుని పట్టీ అల్లుకోవడమే. కానీ మీ స్వెట్టర్‌లో ఆ తెరుచుకునే చోటు సరిగ్గా జడ మధ్యలోకి వస్తోంది. మీరు ఈ ప్యాటర్న్ మీద మనసు పడ్డదే ఆ జడ చూసి. దాన్ని నిలువునా చీల్చి బటన్లు పెడితే మిగిలేది ఏమిటి చెప్పండి?

జడ తీసేసి ఆ చోట సాదాగా అల్లుకుందామన్నా లెక్క మారుతుంది. కుట్లు ఒకదాని మీంచి ఒకటి దాటించడం వల్ల జడ అల్లికను లోపలికి లాగుతుంది. సాదా అల్లికలో 12 కుట్లు పట్టే వెడల్పులో జడకు 15, 16 కూడా పట్టొచ్చు. ఆ అదనపు కుట్లు తీయకుండా సాదాగా అల్లితే ముందు భాగం వదులై పొట్ట దగ్గర సంచిలా నిలబడుతుంది. జడను రెండుగా చేసి బటన్లకు అటొకటి ఇటొకటి పెట్టుకోవచ్చు, చూడటానికి బాగుంటుంది కూడా. అయితే అదనపు కుట్లు రెండింతలు కావాలి, అవి మెడ దగ్గర నుంచే మొదలవ్వాలి, రాగ్లాన్ గీతకు తగలకుండా చూసుకోవాలి. ఇది మొదటి స్వెట్టర్ అల్లేవాళ్ళ పని కాదండీ. మెడ నుంచి అల్లే కార్డిగన్లలో, అంటే ముందు తెరుచుకునే స్వెట్టర్లలో, బటన్ల పక్కన రెండు జడలున్నవి చాలానే దొరుకుతాయి, అలాంటిదే ఒకటి తీసుకోండి. ఎవరో ఒకరు ఆ లెక్కలన్నీ ముందే చేసి పెట్టాక మళ్ళీ మనం ఎందుకు తల బద్దలు కొట్టుకోవడం?

గుండ్రంగా అల్లేసి మధ్యలో కత్తెరతో కత్తిరించే పద్ధతి గురించి వీడియోలు చూసే ఉంటారు. అది స్కాట్లాండ్ షెట్లాండ్ దీవుల్లో, నార్వేలో గరుకు ఊలుతో చేసే పని. ఆ ఊలు పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కాటన్ నునుపు, కత్తెర పడితే కుట్లు జారిపోతాయి. ఆ ఆలోచన పెట్టుకోకండి.

దారం సంగతికి వస్తాను. ఊలు బదులు కాటన్ అంటే రంగు మార్చినంత చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, మీ మూడు మార్పుల్లో పెద్దది ఇదే. ఊలుకు సాగి మళ్ళీ దగ్గరకొచ్చే గుణం ఉంది, కాటన్‌కు అది చాలా తక్కువ. పైగా బరువు. ఆ బరువుకి స్వెట్టర్ వేసుకున్నకొద్దీ కిందికి దిగుతుంది. మా వదినకు అల్లిన కాటన్ కార్డిగన్‌కు బోర్డర్లన్నీ ఒంటికి వాడిన సూదికన్నా రెండు సైజులు సన్నసూదితో వేశాను, అయినా ఊలు బోర్డర్‌లా ముడుచుకోదు, పడి ఉంటుందంతే. పూర్తి కాటన్ కన్నా కాటన్, యాక్రిలిక్ కలిపిన దారం తేలిగ్గా ఉంటుంది, మన ఉక్కకి తొందరగా ఆరుతుంది కూడా. కాటన్‌లో మంచి గుణం ఒకటుంది, జడ డిజైన్ అందులో చెక్కినట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

అందుకే నమూనా ముక్క తప్పదు. కార్డిగన్ అటూ ఇటూ తిప్పి అల్లుతారు కాబట్టి ముక్క కూడా అలాగే అల్లండి. చాలామందికి వెనక్కి తిప్పి అల్లే వరస, అంటే పర్ల్ వరస, కాస్త వదులుగా వస్తుంది, గుండ్రంగా అల్లిన ముక్క లెక్క దీనికి పనికిరాదు. కనీసం 15 సెంటీమీటర్ల చదరం అల్లి, ఉతికి, ఆరాక కింది అంచుకు నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి ఒక రాత్రి వేలాడదీయండి. పొద్దున్న మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు వచ్చాయో లెక్కపెట్టండి. ముక్క పొడవు ఎంత సాగిందో చూస్తే స్వెట్టర్ పొడవు ఎంత తగ్గించి అల్లాలో అక్కడే తెలిసిపోతుంది.

మీ ప్యాటర్న్ గేజ్ 10 సెంటీమీటర్లకు 18 కుట్లు, 24 వరసలు అని రాశారు. మీరు కొన్న కాటన్ సన్నం కాబట్టి ముక్కలో 22 కుట్లు, 30 వరసలు వచ్చాయనుకుందాం. ఛాతీ దగ్గర స్వెట్టర్ చుట్టుకొలత 100 సెంటీమీటర్లు కావాలంటే ప్యాటర్న్ 180 కుట్లు చెబుతుంది. మీ దారంతో ఆ 180 కుట్లు అల్లితే వచ్చేది 82 సెంటీమీటర్లే. మీకు కావలసింది 220 కుట్లు. దీనికి సులువు ఉపాయం, అదే ప్యాటర్న్‌లో 220 కుట్లకు దగ్గరగా ఉన్న పెద్ద సైజు, అంటే 122 సెంటీమీటర్ల సైజు అంకెలు పట్టుకోవడం. మీ చేతిలో అది 100కే తేలుతుంది.

వరసల దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ పెద్ద సైజుకు మెడ నుంచి చంక వరకు 60 వరసలు చెప్పారనుకోండి. ప్యాటర్న్ లెక్కలో అది 25 సెంటీమీటర్లు, మీ లెక్కలో 20. మీకు 22 కావాలంటే ఇంకో ఆరు వరసలు కుట్లు పెంచకుండా సాదాగా, ఒకే చోట కాకుండా అక్కడక్కడా చేర్చాలి. ఇది వదిలేస్తే చంకలో పట్టేస్తుంది. ఏ ప్యాటర్న్ తీసుకున్నా ఈ లెక్క ఇలాగే పనికొస్తుంది. ఇది చూస్తేనే టెన్షన్ వస్తోందంటే, కాటన్‌కే రాసిన ప్యాటర్న్ తీసుకోండి, అప్పుడు ముక్క అల్లి గేజ్ సరిచూసుకుంటే చాలు.

ఈ 100 అన్న అంకె కూడా ఒంటి కొలత నుంచి తీసుకోకండి. కుర్తీ మీద వేసుకుంటే మీకు సౌకర్యంగా ఉండే జాకెట్టో, కొన్న స్వెట్టరో పరిచి కొలవండి.

కొనేటప్పుడు రెండు సంగతులు. మన దగ్గర టైలరింగ్ సామాన్ల షాపుల్లో సూదులు ఎక్కువగా పాత బ్రిటిష్ నంబర్లతో దొరుకుతాయి. అందులో నంబర్ పెరిగితే సూది సన్నబడుతుంది, అమెరికన్ నంబర్లలో లావవుతుంది. అమెరికన్ 8 అంటే 5 మిల్లీమీటర్లు, మన షాపులో 8 అడిగితే ఇచ్చేది 4 మిల్లీమీటర్లు. నంబర్ వదిలేసి మిల్లీమీటర్లలోనే అడగండి. దారం కూడా గ్రాముల లెక్కన కొనకండి. 100 గ్రాముల ఊలు ఉండలో 200 మీటర్లు వస్తే, అదే లావు కాటన్‌లో అంతకన్నా తక్కువే వస్తుంది. లేబుల్ మీద మీటర్లు చూడండి. సన్న దారానికి కుట్లు ఎక్కువ కాబట్టి ప్యాటర్న్ చెప్పిన మీటర్ల కన్నా కాస్త ఎక్కువే పడుతుంది. మధ్యలో అయిపోతే అదే డై లాట్, అంటే అదే విడతలో రంగు వేసిన దారం, మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు, ఒక ఉండ అదనంగా తెచ్చుకోండి.

అల్లాక ఉతికితే బాల్కనీ తీగ మీద మాత్రం వేయకండి, తడి కాటన్ బరువుకి మోకాళ్ళ దాకా సాగుతుంది. తువ్వాలు పరిచి దాని మీద ఆరేయండి.

ఆ మొదటి ప్యాటర్న్ పారేయమని నేను అనడం లేదు. అది ఊలుతోనే, రాసింది రాసినట్టే, మధ్యలో జడతో అల్లండి. వైజాగ్‌లో చలికాలం రాత్రి కూడా 17, 18 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు గానీ, డిసెంబర్‌లో లంబసింగి వెళ్ళే వాళ్ళెవరైనా ఇంట్లో ఉంటే నిజంగా దాని అవసరం పడుతుంది.

కాటన్ ముక్క అల్లాక కుట్లు, వరసల అంకెలు, మీకు నచ్చిన కార్డిగన్ గేజ్ ఇక్కడ రాయండి. ఏ సైజు అంకెలు పట్టుకోవాలో లెక్క చూసి చెబుతాను.