అమ్మగారికి మతిమరుపు ఉంటే శుక్లం ఆపరేషన్ ఆపాలా?

అమ్మగారికి 74 ఏళ్లు, రెండు కళ్లలోనూ శుక్లాలు, ఈ మధ్య మతిమరుపు మొదలైంది, ఈ స్థితిలో ఆపరేషన్ ఎందుకని బంధువులు అంటున్నారని రాశారు. దయచేసి వాయిదా వేయకండి.

చూపు మసకబారితే మనుషుల్ని పోల్చుకోలేరు, పేపర్ చదవరు, నలుగురిలోకి రావడం మానేస్తారు. మెదడుకు పని తగ్గిపోతుంది. అమెరికాలోని సియాటెల్ ప్రాంతంలో 65 దాటిన, శుక్లాలో గ్లకోమానో (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్న 3,000 మందికి పైగా పెద్దవారిని ఏళ్ల తరబడి గమనించారు. శుక్లం తీయించుకున్నవారిలో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) ముప్పు సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. 2021లో వచ్చిన ఫలితమిది. ఆపరేషనే కారణమని దీంతో రుజువైనట్టు కాదు, కానీ చిన్న విషయమూ కాదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ కూడా చికిత్స చేయించని చూపు లోపాన్ని డిమెన్షియా ముప్పుల్లో చేర్చింది.

పొర ముదరాలని ఆగే రోజులు పోయాయి. మతిమరుపు సంగతి కంటి డాక్టరుకు ముందే చెప్పండి, కదలకుండా పడుకోగలరా లేదా చూసి మత్తు సంగతి నిర్ణయిస్తారు. తర్వాత చుక్కల మందు ఆమెకు వదిలేయకుండా మీరే వేయండి.

న్యూరాలజిస్టుకూ చూపించండి. విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు అడగండి. జ్ఞాపకశక్తి పరీక్షలో చదివేవి, బొమ్మ గీసేవి ఉంటాయి కాబట్టి ఆ రోజు కళ్లజోడు మర్చిపోకండి.